రెండు వేల లోపు ఇయర్‌ఫోన్స్: ఊడే వైరు, ఊడని వైరు, బడ్స్... ఏది మేలు?

ఇయర్‌ఫోన్స్ పోయాయంటే చాలాసార్లు పోయేది స్పీకరు కాదు, వైరు. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులుంటాయి. ఫోను జేబులో వేసుకున్నప్పుడల్లా జాక్ మెడ దగ్గర అవి అదే చోట వంగి, ఒక్కొక్కటిగా తెగుతాయి. మొదట్లో వైరు కదిపితే ఒక చెవిలో పాట వచ్చిపోతుంటుంది. వేలితో ఓ పక్కకి వంచి పట్టుకుంటే పలుకుతుంది. ఇంకొన్నాళ్లకి అదీ ఉండదు.

పాట వినిపిస్తూనే గాయకుడి గొంతు మాయమై, వెనక వాయిద్యాలు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటే రెండు చెవులకీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ పోగు తెగిందని అర్థం. అది తెగితే రెండు పక్కలా సమానంగా ఉన్న శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గొంతు మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు అదే పోతుంది. స్పీకర్లు మాత్రం బాగానే ఉంటాయి.

అందుకే కొనేటప్పుడు ముందు అడగాల్సింది వైరు ఊడి వస్తుందా లేదా అని. మూడు నాలుగొందల రకంలో వైరు ఇయర్‌పీస్‌లోకి అతికే ఉంటుంది. జాక్ కోసేసి కొత్తది సోల్డర్ చేయొచ్చు కానీ ఆ సన్న పోగుల మీద ఎనామిల్ పూత ఉంటుంది. దాన్ని కాల్చో గీకో తీయకపోతే టంకం అంటుకోదు. జాక్‌లో కొస ఎడమ చెవిది, తర్వాతి రింగు కుడిది, ఆ తర్వాత గ్రౌండ్, చివరది మైకు. పోగుల రంగులు కంపెనీకో తీరు, కాబట్టి మల్టీమీటరుతో చూసుకోవాలి. చేతిలో పని ఉన్నవాళ్లకి ఇది అరగంట పని. బయట చేయిస్తే కొత్తది కొన్న ఖర్చే అవుతుంది.

వెయ్యి నుంచి రెండు వేల మధ్య దొరికే ఐఈఎమ్‌లకి (చెవి లోపలికి బిగుతుగా కూర్చునే వైరు ఇయర్‌ఫోన్స్) వైరు వేరు, స్పీకరు వేరు. కేజెడ్ ఈడీఎక్స్ ప్రో, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో, మూన్‌డ్రాప్ చూ 2 ఈ కోవలోవే. చూ మొదటి మోడల్‌కి మాత్రం వైరు ఊడదు, పాతదే చవగ్గా వస్తోందని పొరపాటున తీసుకోకండి. వైరు తెగితే అదొక్కటే మార్చుకుంటే సరి. అయితే పిన్ను చూసుకుని కొనాలి. చాలావాటికి 0.78 ఎం.ఎం. టూ-పిన్ను సరిపోతుంది. కేజెడ్‌కి పిన్నుల చుట్టూ చిన్న గూడు ఉంటుంది, దానికి క్యూడీసీ అనే రకం పిన్నున్న వైరు కావాలి. సరిపడని పిన్ను బలవంతంగా తోస్తే సాకెట్ వదులైపోతుంది, దానికి ఇక మందు లేదు. ఒక పక్క పిన్ను తిరగేసి పెట్టినా పాట వస్తుంది కానీ బేస్ చచ్చిపోతుంది. తీసేటప్పుడు తిప్పకుండా నిటారుగా లాగాలి. అవసరం లేకుండా ఊడదీయకండి.

ఇక బ్లూటూత్. బడ్స్ బ్యాటరీ మరీ చిన్నది, పైగా లోపల జిగురేసి మూసేసి ఉంటుంది. కొన్ని వందల చార్జింగుల తర్వాత నిలవ తగ్గడం ఖాయం. మార్చుకునే దారి దాదాపు లేదు. కేసులోని పిన్నుల మీద చెమట పేరుకుని ఒక బడ్ చార్జ్ ఎక్కకపోవడం మామూలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిస్తే తరచూ సర్దుకుంటుంది. పైగా మీరిచ్చే రెండు వేలలో బ్యాటరీ, చిప్పు, మైకులు, కేసు పోను స్పీకరుకి మిగిలేది కొంచెమే. ఒకటి పోగొట్టుకుంటే రెండోదీ దండగ. బండి మీద, బస్సులో, ఫోన్ మాటలకే ఎక్కువ వాడేవాళ్లు బడ్స్ కంటే నెక్‌బ్యాండ్ తీసుకోవడం నయం. బ్యాటరీ పెద్దది, పడిపోదు. డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులు, చెమట తట్టుకుంటుందని, అంతే. ఆ ఎక్స్ ఉందంటే దుమ్ముకి పరీక్ష జరగలేదన్నమాట.

పాట కోసమైతే మా ఓటు ఊడే వైరుకే. ఫోనుకి జాక్ లేకపోతే టైప్-సి డాంగిల్ (చార్జింగ్ రంధ్రంలో పెట్టి ఇయర్‌ఫోన్స్ తగిలించుకునే చిన్న ముక్క) కావాలి. లోపల డాక్ చిప్పు (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్స్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే కొనండి. చిప్పు లేని వంద రూపాయల రకం చాలా ఫోన్లలో పలకదు. యాపిల్ డాంగిల్ మంచిదే కానీ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం తక్కువొస్తుంది.

కొన్నాక బేస్ లేదని తిట్టుకునే ముందు రబ్బరు టిప్పు మార్చి చూడండి. చెవి మూసుకోకపోతే బేస్ బయటికి పోతుంది. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలనేమీ లేదు. ఘంటసాల కాలం నాటి మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఓ పక్కకి ఒరిగిందంటే అటువైపు కాదు, ఎదుటి పక్క టిప్పు సరిగా కూర్చోలేదు, లేదా ఆ ఇయర్‌పీస్ కొసనున్న జాలీలో గులిమి అడ్డుపడింది. జాలీని కిందకి ఉండేలా పట్టుకుని పొడి బ్రష్‌తో తుడవాలి. పైకి పెట్టి పొడిస్తే గులిమి లోపలికే పోతుంది. సూది అస్సలు వద్దు.

యాప్‌లో సెట్టింగ్ కూడా చూడండి. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ లాంటివాటిలో ఆడియో క్వాలిటీని మీ ప్లాన్‌లో ఉన్న అన్నిటికంటే పై స్థాయికి పెట్టుకోండి. ఈక్వలైజర్‌లో బేస్ 4 డీబీ పెంచితే ప్రీయాంప్ (మొత్తం శబ్దాన్ని తగ్గించే మీట) 4 తగ్గించండి, లేకపోతే డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గరగరమంటుంది. డబ్బా మీద డ్రైవరు (లోపలి స్పీకరు) 10 ఎం.ఎం., 14 ఎం.ఎం. అని రాసేదాన్ని పట్టించుకోకండి. సైజుని బట్టి నాణ్యత రాదు.

వైరుని ఫోను చుట్టూ బిగించి చుట్టకండి. నాలుగు వేళ్ల మీద వదులుగా చుట్టి, చిన్న డబ్బాలో వేయండి. జాక్ లాగేటప్పుడు వైరు కాకుండా ప్లాస్టిక్ భాగం పట్టుకుని లాగండి.