కొత్త విమానానికి బోణీ: సింగపూర్ ఎ380, ఏఎన్‌ఏ 787

కొత్త మోడల్ విమానానికి బోణీ చేసే ఎయిర్‌లైన్స్‌కి పేరూ ముందే వస్తుంది, తలనొప్పీ ముందే వస్తుంది. ఎయిర్‌బస్ ఎ380ని మొదట నడిపింది సింగపూర్ ఎయిర్‌లైన్స్. బోయింగ్ 787కి మొదటి ఆర్డరిచ్చింది జపాన్‌కి చెందిన ఏఎన్‌ఏ (ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్).

ఆలస్యం ఇద్దరికీ తప్పలేదు. ఒక్కో ఎ380లో దాదాపు 500 కిలోమీటర్ల వైరు ఉంటుంది. దాని డిజైన్‌కి ఎయిర్‌బస్ వాళ్లు జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఇంకోటి వాడారు. తీరా బిగించబోతే వైర్ల పొడవు చాలలేదు! చివరికి 2007 అక్టోబర్ 25న సింగపూర్ నుంచి సిడ్నీకి తొలి ప్రయాణం. ఆ టికెట్లను ఈబేలో వేలం వేసి, వచ్చిన డబ్బు సేవా సంస్థలకిచ్చారు.

ఏఎన్‌ఏ 2004లో ఏకంగా 50 విమానాలు అడిగింది. 2008లో రావాల్సిన మొదటిది 2011 సెప్టెంబర్‌లో చేతికొచ్చింది. టాయిలెట్‌లోనూ కిటికీ పెట్టించుకున్నారు, అదో ముచ్చట. అసలు టెన్షన్ 2013 జనవరిలో. బ్యాటరీ పాడై పొగ రావడంతో ఒక ఏఎన్‌ఏ 787ని జపాన్‌లోని తకమత్సులో హడావిడిగా దించారు. దాంతో ఎయిరిండియావి సహా ప్రపంచంలోని 787లన్నీ కొన్ని నెలలు నేలకే పరిమితమయ్యాయి.

అయినా ఎవరి బోణీ మంచిదంటే, నా ఓటు ఏఎన్‌ఏకే. ఎ380 తయారీ 251 విమానాలతో 2021లో ఆగిపోయింది. సింగపూర్ తీసుకున్న మొట్టమొదటిదాన్ని పదేళ్లకే లీజు కంపెనీకి తిరిగిచ్చేస్తే, కొనేవాళ్లు లేక విడిభాగాల కోసం విప్పేశారు. 787 మాత్రం ఇంకా తయారవుతూనే ఉంది.