పారిస్‌లో రొట్టె ఏ వేళకు, భోజనం ఏ వేళకు

పారిస్‌లో తిండికి ఎంత ఖర్చు పెట్టారన్నదాని కన్నా ఏ వేళకు వెళ్ళారన్నదే ముఖ్యం. సాయంత్రం నాలుగింటికి ఆకలేసి బిస్ట్రో (చిన్నపాటి భోజనశాల) తలుపు తోస్తే వంటింట్లో పొయ్యి ఆరిపోయి ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రెండున్నర దాకా ఒక విడత, రాత్రి ఏడున్నర నుంచి పది దాకా ఇంకో విడత. మధ్యలో కాఫీ దొరుకుతుంది గానీ వేడి వేడి భోజనం దొరకదు. ఒంటిగంటన్నర దాటాక తీరిగ్గా తినే అలవాటున్న మన కుటుంబాలు మొదటి రోజే ఇక్కడ దెబ్బతింటాయి. పిల్లలో, పెద్దవాళ్ళో వెంట ఉంటే పన్నెండుంపావుకల్లా కూర్చోండి. వేళ తప్పితే ‘సెర్వీస్ కోంతిన్యు’ అని రాసి ఉన్న బ్రాసరీ (కాస్త పెద్ద భోజనశాల) వెతుక్కోండి, అక్కడ వంట రోజంతా సాగుతుంది.

పొద్దున టిఫిన్ సంగతి ముందు చెప్పుకుందాం. హోటల్ గదితో పాటు అల్పాహారం కూడా కట్టేసుకోవద్దు. అందులో పెట్టే క్రొసాంట్ (వెన్న పొరలతో కాల్చిన పిండివంట) చాలా చోట్ల ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసిందే, మనిషికి పదిహేను, ఇరవై యూరోలు వసూలు చేస్తారు. అదే వీధిలో మంచి బేకరీలో క్రొసాంట్ సుమారు యూరోన్నర, కాఫీతో కలిపినా ఐదు యూరోల లోపే తేలిపోతుంది. బస చూసుకునేటప్పుడు మెట్రో ఎంత దూరమో చూసినట్టే బేకరీ ఎంత దూరమో కూడా చూడండి. దానికి వారంలో ఏ రోజు సెలవో తలుపు మీదే రాసి ఉంటుంది.

‘బూలాన్జెరీ’, అంటే రొట్టెల కొట్టు, అన్న బోర్డుకు అక్కడ చట్టం ఉంది. 1998 నుంచి, పిండి కలపడం, ఆకారం చేయడం, కాల్చడం అన్నీ ఆ కొట్లోనే జరిగితేనే ఆ పేరు పెట్టుకోవాలి. ‘బగెట్ ద త్రాదిసియోఁ’, అంటే సంప్రదాయ పద్ధతి పొడుగు రొట్టెకు, 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఉంది: పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు లేదా పులిసిన పిండి. రసాయనాలు కలపకూడదు, ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు. అందుకే మామూలు బగెట్ కన్నా పావలో పరకో ఎక్కువైనా ‘యూన్ త్రాదిసియోఁ’ అనే అడగండి. బాగా కాలినది కావాలంటే ‘బియాఁ క్విత్’ అనండి. ఇద్దరే ఉంటే సగం రొట్టె అడగొచ్చు, కోసి ఇస్తారు. నూనె, వెన్న ఏమీ లేని పిండి కాబట్టి కొన్న నాలుగైదు గంటలకే గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా పాడవుతుంది. పొద్దున కొన్న రొట్టె రాత్రికి దాచడం దండగ, సాయంత్రం ఐదు ప్రాంతంలో జనం ఆఫీసుల నుంచి వచ్చే వేళకు మళ్ళీ వేడి వాయి దింపుతారు, అప్పుడే కొనండి.

అయితే ఈ చట్టాలు రొట్టెకే, క్రొసాంట్‌కు కాదు. రొట్టె చక్కగా చేసే కొట్టు కూడా క్రొసాంట్‌లు ఫ్యాక్టరీ నుంచి తెప్పించి కాల్చి అమ్మొచ్చు. దాన్ని కంటితోనే పట్టుకోవచ్చు. తాపేశ్వరం మడత కాజా పొరలు ఎలా వస్తాయో తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు: పిండి రేకు మధ్య వెన్న పలక పెట్టి, మూడు మడతల చొప్పున మూడుసార్లు మడిస్తే 27 పొరల వెన్న వస్తుంది. వెన్న మరీ చల్లగా ఉంటే లోపల ముక్కలై పొర తెగుతుంది. పొంగబెట్టే చోటు 28 డిగ్రీలు దాటితే కరిగి పిండిలో కలిసిపోతుంది. తెగ్గోసి చూడండి. మంచిదాంట్లో తేనెపట్టులాంటి గదులుంటాయి, పైపొర పెళుసుగా రాలుతుంది, లోపల మెత్తగా సాగుతూ విడిపోతుంది. అడుగున నూనె మరక ఉంటే వెన్న కారిపోయిందని, నడుమ ముద్దలా పచ్చి చార ఉంటే సరిగా పొంగకుండానే కాల్చారని అర్థం. పళ్ళెంలో ఉన్నవన్నీ అచ్చుపోసినట్టు ఒకే కొలతలో ఉంటే అనుమానించండి. తిన్నగా ఉండేది ‘ఓ బ్యుర్’, అంటే వెన్నతో చేసింది, నెలవంకలా ఒంగినది వెన్న బదులు వాడే మార్గరీన్‌ది అన్నది ఆచారమే తప్ప నియమం కాదు. పేరు చదివి కొనడం మేలు.

పేరున్న బేకరీల్లో రెండు చోట్లకు పనిగట్టుకుని వెళ్ళొచ్చు. సెయింట్ మార్టిన్ కాలువ దగ్గరి ‘దు పాన్ ఏ దెజీదే’లో పిస్తా, చాక్లెట్ వేసి చుట్టిన ‘ఎస్కార్గో’ చాలా బాగుంటుంది. పేరుకు నత్తే, ఆ చుట్ట ఆకారం వల్ల వచ్చింది. అందులో నత్త లేదు. ఇది శని, ఆదివారాలు మూసి ఉంటుంది, వారాంతానికే పారిస్ వచ్చేవాళ్ళు ఇక్కడే నష్టపోతారు. మొంతోర్గెయ్ వీధిలోని ‘స్తోరేర్’ 1730 నాటిది. రమ్ములో నానబెట్టిన కేకు, దాని ‘రమ్ బాబా’లో సారా వాసనగా కాదు, నిండుగా ఉంటుంది. ఆ రమ్ముకు పొయ్యి సెగ తగలదు కాబట్టి పిల్లలకు పెట్టకండి.

ఇక బిస్ట్రో. ముందుగా మాటల చిక్కు విప్పుకోవాలి. అక్కడ ‘మెన్యు’ అంటే వంటకాల జాబితా కాదు, ఒకే ధరకు ఇచ్చే భోజనం. జాబితాను ‘కార్త్’ అంటారు. ‘ఆంత్రే’ అంటే మొదట వచ్చే చిన్న వంటకం, ‘ప్లా’ అసలు భోజనం. మధ్యాహ్నం ‘ఫోర్ముల్’ తీసుకుంటే రెండు వంటకాలు మంచి బిస్ట్రోలో సుమారు ఇరవై నుంచి ముప్ఫై యూరోలు. అదే వంటవాడు రాత్రి వండితే ఖరీదైన చోట వైన్ కాకుండా యాభై నుంచి ఎనభై దాకా పోతుంది. ఖరీదైన బిస్ట్రోకు మధ్యాహ్నమే వెళ్ళాలని గట్టిగా చెబుతాను. ధరల పట్టిక గుమ్మం బయట పెట్టాలన్నది నియమం, లోపలికి వెళ్ళకముందే చదువుకోండి. మూత బదులు ఇంటి కప్పున్న గిన్నె బొమ్మ కనబడితే ‘ఫే మేజోఁ’, అంటే పచ్చి సరుకు నుంచి అక్కడే వండారని, 2014 నుంచి దానికీ చట్టం ఉంది.

శాకాహారులకు జాగ్రత్త ఎక్కువే కావాలి. ఉల్లిపాయ సూప్ చాలా చోట్ల గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు. పైన చీజ్ కాల్చి పెడతారు కాబట్టి లోపల ఏముందో తెలియదు. మేకపాల చీజ్ సలాడ్‌లో, గుడ్డు, క్రీమ్ పోసి కాల్చే ‘కీష్‌’లో పంది కొవ్వు ముక్కలు ‘లార్దోఁ’ ఉంటాయి. కీష్ లోరెన్ అయితే ఉండితీరుతుంది. ‘సాఁ వియాంద్’, మాంసం లేకుండా అని మాత్రమే అంటే, చేప, ఈ కొవ్వు ముక్కలు లెక్కలోకి రావనుకునేవాళ్ళు ఉన్నారు. ‘సాఁ వియాంద్, సాఁ ప్వాసోఁ, సాఁ లార్దోఁ’ అని మూడూ విడివిడిగా చెప్పండి. మూస్ వంటి నురగలాంటి తీపి వంటకాల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో అడగండి. కొన్ని చోట్ల బంగాళాదుంప వేపుడుకీ గొడ్డు కొవ్వే వాడతారు. దాదాపుగా నమ్మదగ్గవి: వెల్లుల్లి, క్రీమ్‌లో కాల్చిన బంగాళాదుంప ‘గ్రాతాఁ దోఫినువా’, ‘పువారో వినెగ్రెత్’ అనే ఉల్లికాడల జాతి కూర, గుడ్డు తినేవాళ్ళకు ‘ఎఫ్ మయొనేజ్’. మాంసం తినేవాళ్ళు గొడ్డుమాంసం, దూడమాంసం మాత్రం వద్దనుకుంటే ‘బెఫ్’, ‘వో’ అన్న మాటలు గుర్తుపెట్టుకోవాలి. ‘తార్తార్’ పచ్చిమాంసం, ‘ఆందుయెత్’ పంది పేగులతో చేసింది.

1912 నాటి ‘బెనువా’ ఖరీదైన బిస్ట్రోకు మంచి ఉదాహరణ. సెయింట్ మార్టిన్ వీధిలో, నగర మందిరానికి నడక దూరంలో ఉంది. షెఫ్ ఆలాన్ దుకాస్ చేతికి 2005లో వచ్చింది. ఎర్ర మఖమల్ సీట్లు, ఇత్తడి, చెక్కిన అద్దాలు అన్నీ పాత పద్ధతిలోనే. నత్తలు ఒకటి, చిక్కుడు గింజలతో ఉడికించిన కాసూలే ఒకటి దాని గొప్పలు, కాసూలేలో మాంసం కలిసే ఉంటుంది. మాంసం తినేవాళ్ళకు వెళ్ళి తీరాల్సిన చోటు, శాకాహారులకు మాత్రం డబ్బు గిట్టదు. దీనికి పూర్తిగా భిన్నం 1896 నాటి ‘బుయోఁ షార్తియే’: రిజర్వేషన్ లేదు, క్యూలో నిలబడాలి, ఎప్పుడూ కిటకిట, బిల్లు టేబుల్ మీది కాగితం మీదే రాస్తారు. వంట గొప్పగా ఉంటుందని వెళ్ళొద్దు, ధర, హడావుడి, ఆ పాత హాలు చూడటానికి వెళ్ళండి. పదకొండున్నరకే చేరితే నిలబడే బాధ తగ్గుతుంది.

మంచి బిస్ట్రోలకు రెండు మూడు వారాల ముందే బుక్ చేయాలి. కొన్ని కార్డు నంబరు తీసుకుంటాయి, రాకపోతే మనిషికి ఇంత అని కోసేస్తాయి, షరతులు చదివి నొక్కండి. తలుపు దాటగానే ముందు ‘బోఁజూర్’ అనాలి, అది లేకుండా అడిగితే మొరటుతనంగా తీసుకుంటారు. నీళ్ళకు ‘యూన్ కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్ళు ఉచితం, సీసా అంటే ఐదు, ఎనిమిది యూరోలు. రొట్టె ధరలోనే కలిసి ఉంటుంది. నలుగురు రెండు వంటకాలు పంచుకుంటామంటే ఒప్పుకోరు, మనిషికో ప్లా తెప్పించుకోవాలి. బిల్లు అడిగేదాకా తేరు, కూర్చున్నవాళ్ళను లేపినట్టవుతుందని అలా చేస్తారు. ‘లాదిసియోఁ, సిల్ వు ప్లే’ అనండి. ధరలోనే సర్వీసు 15 శాతం కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు మీ ఇష్టం, చిల్లర వదిలితే చాలు.

ఇంటికి తెచ్చుకోదగ్గది ‘ప్వాలాన్’ వారి పెద్ద గుండ్రటి రొట్టె ‘మిష్’. షెర్ష్-మిదీ వీధిలో 1932 నుంచి ఉన్న కొట్టు. రొట్టె రెండు కిలోలకు కాస్త తక్కువ, పావు ముక్క కూడా కోసి ఇస్తారు. పులిసిన దోసె పిండిలాంటి సన్నని పులుపు ఉంటుంది, వారం దాకా నిలవ ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, చెమ్మ పట్టి పైపెచ్చు మెత్తబడుతుంది. కోసిన వైపు కింద పెట్టి, గుడ్డలో చుట్టి, సంచిలో నిలువుగా కాకుండా పడుకోబెట్టి తెచ్చుకోండి. మూడో రోజుకు మిగిలినది పలచగా ముక్కలు కోసి పెనం మీద వెన్నతో కాల్చితే ఇంకా బాగుంటుంది.