మా మండలం ఆశా యూనియన్: సభ్యత్వం తీసుకోవాలా వద్దా అని అడుగుతున్నవాళ్ళ కోసం

ఈ మధ్య కొత్తగా చేరిన ఆశా (ఊళ్ళో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త) అమ్మాయిలు అందరూ అడిగేది ఒకటే, యూనియన్‌లో చేరితే ఏమొస్తుంది అక్కా, ఎండలో ధర్నాలకి తిప్పటం తప్ప ఇంకేం చేస్తారు అని. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. నాది ఆంధ్రాలో ఒక పల్లెటూరి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), చాలా ఏళ్ళుగా సభ్యురాలిని, పదవి గట్రా ఏమీ లేదు. యూనియన్ పేరు మాత్రం రాయను, మంచితో పాటు లోపాలు కూడా చెప్తున్నా కాబట్టి.

నా లెక్కలో ఈ యూనియన్ చేసే పెద్ద పని ధర్నా కాదు, సరైన కబురు సరైన టైంకి మనకి చేర్చడం. ఇది బయటివాళ్ళకి చిన్న విషయంలా ఉంటుంది గానీ మన ఉద్యోగంలో అన్నీ నోటిమాటలే కదా, మీటింగ్‌లో ఒకళ్ళు ఒకటి చెప్తారు, ఏఎన్‌ఎం (నర్సమ్మ) ఇంకోటి చెప్తుంది, సచివాలయంలో మూడోది, ఏది నిజమో అడిగే దిక్కుండదు. 2025 మార్చి 1న ఏమైందో గుర్తుందా, మన ఆంధ్రా సీఎం ఆశాలకి గ్రాట్యుటీ (రిటైరయ్యేటప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు) లక్షన్నర దాకా ఒప్పుకున్నారు, మొదటి రెండు కాన్పులకి 180 రోజులు జీతంతో సెలవు, రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 అని టీవీల్లో వచ్చేసింది. ఆ సాయంత్రం ఫోన్లో మా యూనియన్ గ్రూపంతా ఒకటే గోల, రేపే డబ్బులు పడతాయన్నవాళ్ళు కొందరు, లక్షన్నర అందరికీ ఒకేసారి అన్నవాళ్ళు కొందరు. మా నాయకురాలు వాయిస్ మెసేజ్ పెట్టారు, ఇది ప్రకటనే అమ్మా, జీవో వేరే రావాలి, లక్షన్నర అనేది గరిష్టం, సర్వీసుని బట్టి ఉంటుంది, పని చేయించి పెడతాం అని ఎవరైనా డబ్బులడిగితే రూపాయి ఇవ్వొద్దు, రిటైర్మెంట్ వయసు దగ్గర పడినవాళ్ళు ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టొద్దు అని. ఆ ఒక్క మెసేజ్‌కే సంవత్సరం చందా వసూలైపోయింది అనిపించింది నాకు. అదీ వాయిస్‌లో పెట్టడం ఇంకా మంచిది, మనలో పెద్ద వయసు వాళ్ళు పొడుగు పొడుగు మెసేజ్‌లు చదవరు.

రెండోది వెంట వచ్చే మనిషి. మా పక్క ఊరి ఆశాకి బ్యాంకులో పేరు ఒకలా ఆధార్‌లో ఒకలా ఉందని పారితోషికం ఆగిపోయింది, నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగింది, రేపు రా ఎల్లుండి రా అనటమే. యూనియన్ మండల కార్యదర్శి వచ్చి ఇంకో నలుగురిని తీసుకుని వెళ్ళి అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకుని వచ్చారు. స్టాంపు పడ్డాక కదిలింది. అప్పట్నుంచి మా మండలంలో అందరం అదే పద్ధతి, ఏ అదనపు పని చెప్పినా సరే చేస్తాం సార్, రాసి ఇవ్వండి అంటాం. సగం పనులు అక్కడే ఆగిపోతున్నాయి.

క్లాసులు కూడా పెడతారు, వాటికి మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఇన్సూరెన్స్ సంగతి నాకు తెలిసింది అక్కడే. 2018లో కేంద్రం ఆశాల కోసం పెట్టిన ప్యాకేజీలో జీవన్ జ్యోతి (ప్రాణానికి), సురక్షా బీమా (ప్రమాదానికి) రెండూ ఉన్నాయి, ఒక్కోటి 2 లక్షలు, అర్హత ఉన్నవాళ్ళకి ప్రీమియం ప్రభుత్వమే కట్టాలి. మీ పేరు అసలు ఎక్కిందా, నామినీ ఎవరున్నారు చూసుకోండి అని ఒక్కొక్కళ్ళనీ లేపి అడిగారు, చాలామంది దగ్గర సమాధానం లేదు. 2013లో భారత కార్మిక సమావేశం స్కీం వర్కర్లని (ఆశా, అంగన్‌వాడీ లాంటివాళ్ళని) వర్కర్లుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని సిఫార్సు చేసిందని కూడా అక్కడే చెప్పారు. 2022లో డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) దేశంలో ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది, ఆ రోజు మేమందరం ఎంత మురిసిపోయామో, కానీ కాగితాల్లో మాత్రం ఇంకా వాలంటీర్లమే. 2019లో మన ఆంధ్రాలో నెల పారితోషికం పదివేలు చేశారు, ఆ తర్వాత నూనె, గ్యాసు, పిల్లల ఫీజులు ఎంతెంత పెరిగాయో మీకు నేను చెప్పాలా.

తెలంగాణ అక్కచెల్లెళ్ళ కబుర్లు కూడా మా గ్రూపులో వస్తాయి. 2023 సెప్టెంబర్‌లో 18 వేల ఫిక్స్‌డ్ జీతం కోసం వాళ్ళు సమ్మెకి దిగినప్పుడు, 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ కోఠిలో పోలీసులతో తోపులాట జరిగినప్పుడు ఫోటోలు చూసి మాకు కడుపు రగిలిపోయింది.

ఇంక ధర్నాల ఏర్పాట్లు. కలెక్టరేట్ దగ్గర పెట్టేటప్పుడు ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుంటారు, మంచినీళ్ళు మజ్జిగ ఉంటాయి, చీకటి పడకముందే వదిలేస్తారు. ఆడవాళ్ళే నడిపే యూనియన్ కాబట్టి ఇవి తెలుసు వాళ్ళకి.

లోపాలు చెప్తా. ధర్నా రేపు పొద్దున అనగా కబురు ఈ రాత్రి పెడతారు, మాకు నెలలు నిండిన గర్భిణీలు ఉంటారు, టీకాల రోజు ఉంటుంది, ఎలా కదులుతాం? కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు, పార్టీల వీడియోలు నిండిపోయి అసలు జీవో కాపీ ఎక్కడో కిందకి పోతుంది, నాయకులు మాత్రమే పోస్ట్ చేసేలా ఇంకో గ్రూపు పెట్టమని ఎన్నిసార్లు అడిగామో. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కేంద్రం కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి, వాటి మీద ఇంగ్లీషు పీడీఎఫ్‌లు కుప్పలుగా పడ్డాయి గానీ ఆశాకి ఇందులో ఏం వర్తిస్తుంది, ఏం వర్తించదు అని తెలుగులో ఒక్క పేజీ రాలేదు. సిగ్నల్ లేని తండాల్లో ఉన్నవాళ్ళకి ఈ కబుర్లేవీ చేరవు, వాళ్ళకి ఆశా డే (మేమందరం మీటింగ్‌కి వచ్చే రోజు) నాడు పీహెచ్‌సీ దగ్గర ఒక కాగితం చేతికి ఇస్తే సరిపోతుంది. లెక్కలు ఏడాదికోసారి మహాసభలో గడగడా చదివేస్తారు, రాసి గ్రూపులో పెడితే ఇంకా నమ్మకం పెరుగుతుంది. ఈ మాటలన్నీ మీటింగ్‌లో నేనే లేచి చెప్పాను, ఎవరూ కోపగించుకోలేదు, రాసుకున్నారు, గ్రూపు సంగతి చూస్తామన్నారు.

మొత్తానికి 5కి 4 ఇస్తా. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే ముఖ్యంగా ఆ రాత్రిపూట కబుర్ల వల్ల. కొత్తవాళ్ళు చేరండి, చందా కట్టినప్పుడు రసీదు అడిగి తీసుకోండి, ఇంట్లో వద్దంటే మీ అత్తగారినో మీ ఆయన్నో కూడా ఒకసారి క్లాసుకి తీసుకురండి, మా దగ్గర అలా వచ్చి కూర్చున్నవాళ్ళు ఉన్నారు.