400 డాలర్లలోపు రైఫిల్ స్కోపులు: జింకకు ఒకటి, కాగితానికి ఇంకొకటి

టెక్సాస్‌లో తెల్లతోక జింకల సీజన్ మామూలుగా నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబర్ వచ్చేసరికి తుపాకుల దుకాణాల్లో స్కోపుల బీరువా ముందు జనం మూగుతారు. కొత్తగా వేట లైసెన్స్ తీసుకున్న మనవాళ్లు ముందుగా అడిగేది "జూమ్ ఎంత వస్తుంది?" అనే. 250 నుంచి 400 డాలర్ల మధ్య కొనేటప్పుడు అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మసక వెలుతురులో క్రాస్‌హెయిర్ (స్కోపులో గురికి కనిపించే అడ్డగీతలు) కంటికి ఆనుతుందా? టరెట్ (గురి జరిపే నాబ్) ఎంత తిప్పితే గురి సరిగ్గా అంతే జరుగుతుందా? ఈ ధరలో రెండూ బాగా చేసే స్కోపు లేదు. వేటకా, టార్గెట్‌కా అన్నది తేలితే సగం బేరం అయిపోయినట్టే.

వేటకైతే ల్యూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్ 3-9×40 తీసుకోండి (జూమ్ 3 నుంచి 9 దాకా, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు). తయారీ అమెరికాలోనే, ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్టన్‌లో. ఒక అంగుళం ట్యూబు, 350 గ్రాములకు కాస్త తక్కువ బరువు. రైఫిల్ భుజాన వేసుకుని రోజంతా తిరిగేవాళ్లకు ఈ తేలిక ఎంత సుఖమో సాయంత్రానికి తెలుస్తుంది. దీని డూప్లెక్స్ రెటికిల్‌లో, అంటే గురి గీతల అమరికలో, నాలుగు వైపుల నుంచీ లావు గీతలు వచ్చి, నడిమధ్యలో సన్నబడతాయి. టెక్సాస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. జింకలు ఎక్కువగా పొదల్లోంచి బయటికొచ్చేది ఆ చివరి అరగంటల్లోనే. ఆ వెలుతురులో గోధుమరంగు తోలు మీద సన్నని గీత కలిసిపోతుంది. లావు గీతలు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి, వాటి మధ్యలో జింక భుజం వెనుక భాగాన్ని కూర్చోబెడితే చాలు.

ఇక్కడే ఒక చిన్న లెక్క. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే, వెనకనుంచి కంటికి అందే వెలుగు చుక్క వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 40ని 6తో భాగిస్తే 6.7. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఇంచుమించు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అంటే 6 మీద పెడితే కన్ను తాగగలిగినంత వెలుగు అందుతుంది. అదే స్కోపును 9 మీద పెడితే 4.4కి పడిపోతుంది. 44 మిల్లీమీటర్ల అద్దంతో 16 మీద పెడితే 2.75 మాత్రమే. సందెవేళ బొమ్మ నల్లబడితే అద్దాన్ని తిట్టుకునే ముందు జూమ్ తగ్గించి చూడండి. వెలుగు కోసమని 50 మిల్లీమీటర్ల అద్దం కొంటే ఎత్తు రింగులు (స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచేవి) కావాలి. అప్పుడు చెంప రైఫిల్ కట్టె మీద ఆనకుండా గాల్లో తేలుతుంది, గురి ప్రతిసారీ ఒక్కలా కుదరదు.

విఎక్స్-ఫ్రీడమ్‌లో టరెట్ ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ (కోణం కొలత), అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం చిల్లర. టరెట్ల మీద మూతలు ఉంటాయి, ఒకసారి జీరో చేశాక, అంటే ఎంచుకున్న దూరంలో గురిపెట్టిన చోటే తూటా పడేలా సరిచేశాక, తెరిచే పనిలేదు. 150 గ్రెయిన్ల బరువున్న .308 తూటాతో 200 గజాలకు జీరో చేస్తే, 100 దగ్గర సుమారు 2 అంగుళాలు పైన, 250 దగ్గర సుమారు 3 అంగుళాలు కింద పడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు అంతకంటే పెద్దదే కాబట్టి 250 గజాల దాకా ఏమీ తిప్పకుండా మధ్యలో గురిపెట్టి కాల్చవచ్చు. 300 దగ్గర 8 అంగుళాల దాకా జారుతుంది. అక్కడ ఊహించి కాల్చడం జంతువును గాయపరచి వదిలేయడమే. ఇంకా దగ్గరికి వెళ్లండి, లేదా వదిలేయండి.

కాగితం మీద కాల్చేవాళ్ల అవసరం వేరు. దూరం మారినప్పుడల్లా టరెట్ తిప్పాలి, మళ్లీ జీరోకి తేవాలి. దీనికి ఈ ధరలో అన్నిటికంటే నమ్మకమైన పని ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఏ ఎస్‌ఎస్ 10×42ది. జపాన్‌లో తయారైంది, 30 మిల్లీమీటర్ల ట్యూబు, 0.1 మిల్ క్లిక్కులు (మిల్ కూడా కోణం కొలతే, 100 గజాల దగ్గర 3.6 అంగుళాలు), ఒక చుట్టుకు 5 మిల్. జూమ్ మారదు, ఎప్పుడూ పదే. జూమ్ యంత్రాంగం లేకపోవడమే దీని బలం: లోపల కదిలే భాగాలు తక్కువ, ఖర్చంతా టరెట్ల మీదకే వెళ్లింది. చూడటానికి పాతకాలపు వస్తువులా ఉంటుంది. 100 గజాల దగ్గర కనిపించే వెడల్పు సుమారు 13 అడుగులే, కాబట్టి పొదల్లో పరిగెత్తే జింకను దీంతో వెతకలేరు. జీరో స్టాప్ (టరెట్ సున్నా దగ్గరే ఆగేలా చేసే అడ్డు) లేదు. ఎన్ని చుట్లు తిప్పారో లెక్క మర్చిపోతే తర్వాతి దెబ్బ ఒక చుట్టు, అంటే 5 మిల్ తేడాగా పోతుంది. 100 గజాల దగ్గర అది 18 అంగుళాలు.

ఈ రెంటికీ మధ్య నిలిచేది వార్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్ 4-16×44. రెటికిల్ ముందు ఫోకల్ ప్లేన్‌లో ఉంటుంది, అంటే జూమ్ పెంచితే గీతలు కూడా పెరుగుతాయి, ఏ జూమ్ మీదైనా మిల్ కొలత ఒక్కటే. 12 నుంచి 16 మధ్య రెటికిల్ చక్కగా చదవవచ్చు, పారలాక్స్‌ను (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనిపించడాన్ని) పక్కనున్న గుండ్రని నాబ్‌తో సరిచేసుకోవచ్చు. 4 మీదకు దించితే అవే గీతలు వెంట్రుకల్లా సన్నబడతాయి, పైగా రెటికిల్‌లో లైటు లేదు. చీకటిపొద అడ్డొస్తే ఏమీ కనపడదు. బరువు 650 గ్రాముల పైమాటే. 300, 500 గజాల రేంజిలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు మంచి కొనుగోలు. వేట కోసమని కొంటే డబ్బు తప్పుదారి పట్టినట్టే.

మూడింటిలో ఏది కొన్నా, వాపసు గడువు లోపల టరెట్ పరీక్ష చేయండి. నిలువుగా పొడుగాటి కాగితం కట్టి, పైనుంచి తూకం గుండు వేలాడదీసి, ఆ దారం వెంబడి గీత గీయండి. కింద ఒక చుక్క, దానికి సరిగ్గా 28.8 అంగుళాల పైన ఇంకో చుక్క. 100 గజాల దగ్గర 8 మిల్ అంటే అంతే. కింది చుక్క మీద గురి ఉంచి మూడు కాల్చండి, 8 మిల్ (విఎక్స్-ఫ్రీడమ్‌లో 110 క్లిక్కులు) పైకి తిప్పి అదే చుక్క మీద గురితో మళ్లీ మూడు కాల్చండి, తిరిగి సున్నాకు తెచ్చి ఇంకో మూడు. రెండో గుంపు 28.1 అంగుళాల దగ్గర పడితే టరెట్ సుమారు 2.5 శాతం తక్కువ తిరుగుతున్నట్టు. 600 గజాలకు 4 మిల్ తిప్పినప్పుడు అది 2 అంగుళాల తేడా. తట్టుకోవచ్చు, లెక్కలో కలుపుకోవచ్చు. మూడో గుంపు మొదటి గుంపు మీద పడకపోతే మాత్రం స్కోపును అలాగే వాపసు ఇచ్చేయండి, సర్దుకోవద్దు. పరీక్షకు ముందు దూరాన్ని టేపు పెట్టి కొలవడం మర్చిపోవద్దు. రేంజిలో 100 అని బోర్డు ఉన్నచోట నిజంగా 97 గజాలుంటే, 3 శాతం తప్పు స్కోపు నెత్తిన పడుతుంది.

అసలు స్కోపు చెడిందని తెచ్చేవాటిలో చాలావాటికి జబ్బు రింగుల్లో ఉంటుంది. ముందు బేస్ (రింగులు కూర్చునే పట్టీ) స్క్రూలకు, గాడులకు అంటిన నూనె ఆల్కహాల్‌తో తుడిచేయాలి. రింగుల పై స్క్రూలను అంగుళం-పౌండ్లు చూపే టార్క్ డ్రైవర్‌తో, ఒక మూల తర్వాత ఎదురు మూల, కొంచెం కొంచెంగా 15 నుంచి 18 దాకా బిగించాలి. బిగిస్తున్నప్పుడు రెండు వైపులా సందు సమానంగా ఉందో లేదో చూస్తూ ఉండండి. చేతి అంచనాతో బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి లోపలి జూమ్ గొట్టం పట్టేస్తుంది, జూమ్ రింగు గట్టిగా తిరగడం మొదలైతే అదే సూచన. పై స్క్రూలకు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పూసే జిగురు) రాయకండి. తడిగా ఉన్నప్పుడు అది జారుడుగా పనిచేసి, అదే టార్క్‌కు ఎక్కువ బిగుతు ఇస్తుంది.

స్కోపు ముందుకూ వెనక్కూ జరిపే పని పెద్ద జూమ్ మీద పెట్టి చేయాలి, కంటికి చోటు అక్కడే ఇరుకు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. బొమ్మ చుట్టూ నల్లని నీడ లేకుండా ఉంటే ఆ చోటు సరి. కంటికీ అద్దానికీ మధ్య మూడున్నర అంగుళాలకు తగ్గితే .30-06 రైఫిల్ తన్నినప్పుడు కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో కోత పడుతుంది. తర్వాత నిలువు. రైఫిల్ మట్టంగా ఉండగా రెటికిల్ నిలువు గీత తూకం గుండు దారంతో కలవాలి. 2 డిగ్రీలు ఒరిగినా, 600 గజాలకు 4 మిల్ తిప్పితే తూటా 3 అంగుళాలు పక్కకు పోతుంది, మీరేమో గాలిని నిందిస్తారు.

వారంటీ విషయంలో ల్యూపోల్డ్, వార్టెక్స్ రెండూ రసీదు అడగవు, చేతులు మారినా వర్తిస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కూడా ధైర్యంగా కొనవచ్చు, అది అసలు సరుకైతే. ఈ పేర్లతో నకిలీలు ఉన్నాయి, సగం ధరకు కొత్త స్కోపు అంటే పక్కకు తప్పుకోండి.

ఊళ్లో బావమరిది అడిగాడని సూట్‌కేసులో ఒకటి వేసుకెళ్లకండి. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణల్లో ఉన్నాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేట నేరం. హైదరాబాద్‌లో పిల్లల్ని షూటింగ్‌లో చేర్పించినవాళ్లకూ స్కోపు అక్కర్లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, అలాగే 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో స్కోపులకు అనుమతి లేదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్లే.

బిగించాక ఓ 20 తూటాలు కాల్చి, రింగుల స్క్రూలు మళ్లీ ఒకసారి టార్క్ చూడండి. ట్యూబు మీద రింగు అంచున పెన్సిల్‌తో సన్నని గీత గీసి ఉంచితే, స్కోపు వెంట్రుకవాసి జారినా ఆ గీత పక్కన మెరుపు కనిపిస్తుంది.