సైన్స్ ఫిక్షన్ ‘కంప్లీట్ సెట్’ కొనేవాళ్లకు హెచ్చరిక: 3,200 రూపాయలు పెట్టి నేను మోసపోయాను

“సైన్స్ ఫిక్షన్ క్లాసిక్స్, 20 పుస్తకాల కంప్లీట్ సెట్, అన్నీ ఒరిజినల్ ఎడిషన్స్, 3,200 రూపాయలే” అని ఫోన్‌లో ప్రకటన వస్తే డబ్బు పంపకండి. నేను పంపాను. మాది నల్లగొండ, బడిలో సైన్స్ చెబుతాను. ఇంకొకరికి ఇలా జరగకూడదని వివరంగా రాస్తున్నాను.

ఈ ఏడాది మొదట్లో నేను, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఒక పందెం పెట్టుకున్నాం. సైన్స్ ఫిక్షన్‌ని సంవత్సరాల వరుసలో చదవాలి, ఒక్కో సంవత్సరంలో వచ్చినవాటిలో ఒకే పుస్తకం. 1818లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’తో మొదలుపెట్టి ఈ కాలం దాకా రావాలి. నోటుబుక్‌లో ఎడమవైపు సంవత్సరం, కుడివైపు ఆ కాలపు మనుషులు దేని గురించి కలగన్నారు, దేనికి భయపడ్డారు అని రాసుకోవాలి. 1895లో కాలంలో ప్రయాణించే యంత్రం, 1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’లో ఆడవాళ్లు ఏలే రాజ్యం, 1920లో ఒక చెక్ నాటకంలో పుట్టిన ‘రోబో’ అనే మాట. ఇలా వరసపెట్టి చదువుతుంటే లోకం ఎటు నడిచిందో కళ్లకు కడుతుంది. చిన్నప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద రోజంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను చూసి “ఇదెట్లా?” అని మా నాన్నను విసిగించినవాణ్ణి. ఈ పుస్తకాల మీద ఇష్టం నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఇరవై పుస్తకాలు విడివిడిగా వెతకడం కష్టమనుకుంటున్న సమయంలో ఆ ప్రకటన కనిపించింది. ఫోటోలో పుస్తకాలు కొత్తగా, గట్టి అట్టలతో ఉన్నాయి. పార్సిల్ వచ్చాక డబ్బు ఇస్తామంటే అమ్మేవాడు ఒప్పుకోలేదు. “స్టాక్ తక్కువుంది సార్, ఇవాళే పంపితే రేపే డిస్పాచ్” అన్నాడు. ఫోన్‌పేలో పంపేశాను. అక్కడే ఆగాల్సింది.

తొమ్మిది రోజులకు పార్సిల్ వచ్చింది. పైపైన తిరగేస్తే బాగానే అనిపించింది. రెండు వారాల తర్వాత మా అమ్మాయి ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ’ పట్టుకుని వచ్చి, “డాడీ, నువ్వు చెప్పిన ముత్యాల కథ ఇందులో లేదు” అంది.

డిగ్రీ రోజుల్లో జిల్లా గ్రంథాలయంలో కూర్చుని ఆ పుస్తకం మొత్తం చదివాను. నాకు అన్నిటికన్నా గుర్తున్నది సింహళం దగ్గరి సముద్రంలో జరిగే ఘట్టం. ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుణ్ణి షార్క్ నుంచి జలాంతర్గామి నడిపే కెప్టెన్ నెమో కాపాడతాడు. తర్వాత నెమో, ఆ మనిషి అణచివేతకు గురైన దేశంవాడని, తన చివరి ఊపిరి దాకా తానూ ఆ దేశపువాడినేనని చెప్తాడు. 1870లో, మన దేశం తెల్లవాళ్ల కింద ఉన్నప్పుడు, ఒక ఫ్రెంచి రచయిత రాసిన మాట అది. ఈ పుస్తకం చదివే మన పిల్లలకు ఆ ఘట్టం తప్పకుండా అందాలి. అసలు నవలలో రెండు భాగాలు కలిపి 47 అధ్యాయాలు. మాకొచ్చింది 96 పేజీలు, 18 అధ్యాయాలు. అట్ట మీద గానీ లోపల గానీ ‘సంక్షిప్తం’ అన్న మాటే లేదు. మా అమ్మాయి అది మొత్తం పుస్తకమే అనుకుని నోటుబుక్‌లో 1870 ఎదురుగా టిక్ పెట్టుకుంది. డబ్బు కన్నా ఆ టిక్ చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఆ రాత్రి కూర్చుని ఇరవై పుస్తకాలూ ఒక్కొక్కటిగా చూశాను. ‘టైమ్ మెషీన్’లో 64వ పేజీ తర్వాత 97వ పేజీ ఉంది. ‘1984’ చివర కొత్త భాష గురించి ఉండే అనుబంధం మొత్తం ఎగిరిపోయింది. ‘ఫౌండేషన్’ ఎవరో జిరాక్స్ తీసి బైండింగ్ చేసినట్టుంది, అక్షరాలు బూడిద రంగులో, కొన్ని లైన్లు సగానికే. దాని అట్ట మీద “ఒరిజినల్ 1951 ఎడిషన్” అని ఉంది. వెనక 978తో మొదలయ్యే 13 అంకెల పుస్తక గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్ కూడా ఉంది. 13 అంకెల ఐఎస్‌బీఎన్ వచ్చిందే 2007లో. 1951లో అసలు ఐఎస్‌బీఎన్ పద్ధతే లేదు.

‘ఫ్రాంకెన్‌స్టైన్’ మోసం పట్టుకోవడం ఇంకా కష్టం. ప్రకటనలో 1818 అని ఉంది, అట్ట మీదా అదే ఉంది. లోపలిది మాత్రం 1831లో రచయిత్రి మార్చి రాసిన పాఠం. తేడా ఇలా తెలుస్తుంది: 1818 పుస్తకం మూడు సంపుటాలు, ప్రతి సంపుటంలో అధ్యాయాల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. 1831 దాంట్లో 1 నుంచి 24 దాకా వరుసగా ఉంటాయి. కథానాయకుడు విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ 1818లో అతని మేనత్త కూతురు, 1831లో తెచ్చి పెంచుకున్న అనాథ. మామూలుగా చదివేవాళ్లకు ఏదైనా ఒకటే కావచ్చు. సంవత్సరాన్ని బట్టి చదివే మాలాంటివాళ్లకు మాత్రం లెక్కంతా తప్పిపోతుంది.

మర్నాడు అమ్మినవాడికి ఫోన్ చేశాను. “ఓపెన్ చేసేటప్పుడు వీడియో తీసినవా సార్? రిటర్న్ ఉండదని ముందే చెప్పినం కదా” అన్నాడు. ఫోటోలు పంపాను. చూసి, బ్లాక్ చేశాడు. పార్సిల్ మీది చిరునామాలో ఊరి పేరు, పిన్‌కోడ్ తప్ప ఇంకేమీ లేవు.

“రిటర్న్ లేదు” అని వాళ్లు రాసుకున్నంత మాత్రాన అది చట్టం కాదు. ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఆన్‌లైన్ డబ్బు మోసాలకు 1930 ఉంది, అక్కడ ఎంత తొందరగా చెబితే అంత మంచిది. నేను రెండు వారాలు ఆలస్యం చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు. అడ్రస్ లేనివాడి మీద కేసు వేసి నోటీసు ఎక్కడికి పంపాలన్నదే ఇప్పుడు నా టెన్షన్. డబ్బు ఇంకా రాలేదు.

మీరు కొనేటట్టయితే సెట్‌గా కొనకండి, ఒక్కొక్కటే కొనండి. డబ్బు ఇచ్చేముందు మూడు ఫోటోలు అడగండి: కాపీరైట్ పేజీ, విషయసూచిక, చివరి పేజీ. నిజమైన అమ్మకందారుకు అవి పంపడం రెండు నిమిషాల పని. తప్పించుకు మాట్లాడితే వదిలేయండి. అనువాదమైతే అనువాదకుడి పేరు తప్పకుండా చూడండి. ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’కి 1872లో వచ్చిన మొదటి ఇంగ్లీషు అనువాదంలో దాదాపు నాలుగో వంతు కోసేశారు, మంచి కాగితం మీద వేసే కొన్ని ప్రతుల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. రెండో అధ్యాయం మొదట్లో “డిసగ్రీయబుల్ టెరిటరీ ఆఫ్ నెబ్రాస్కా” అని కనిపిస్తే అది ఆ అనువాదమే.

పాత పుస్తకాలకు అసలు డబ్బే పెట్టక్కర్లేదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ‘టైమ్ మెషీన్’ రాసిన వెల్స్ 1946లో పోయాడు, ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’ రాసిన వెర్న్ అంతకన్నా చాలా ముందే. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో వాళ్లవి ఉచితంగా ఉన్నాయి, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818 పాఠం విడిగా ఉంది. ‘ఫౌండేషన్’ రాసిన అసిమోవ్ 1992లో పోయాడు కాబట్టి ఆయన పుస్తకాలు ఇంత చవకగా జిరాక్స్ అక్షరాలతో వస్తే అవి దొంగ ముద్రణలే.

పోయిన ఆదివారం ఇద్దరం పొద్దున్నే బస్సెక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లాం. ప్రతి పుస్తకం చేతిలోకి తీసుకుని, చివరి పేజీ దాకా తిప్పి చూసి నాలుగు కొన్నాం. 47 అధ్యాయాలున్న ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’ దొరికింది. మా అమ్మాయి పాత టిక్ కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చదువుతోంది, నిన్న రాత్రి సింహళం దాకా వచ్చింది. నల్లగొండలో ఎవరైనా ఇలా వరుసగా చదవాలనుకుంటే ఆ నాలుగూ నా దగ్గర తీసుకోండి, చదివాక తిరిగివ్వండి.