ఎనిమిది నెలల పిల్ల అని చెప్పి బ్రీడింగ్ పక్షిని అంటగట్టాడు, కొన్యూర్ చిలుకలు కొనేవాళ్ళు జాగ్రత్త

నిన్న సాయంత్రం ఆ షాపు నుంచి వచ్చినప్పటి నుంచి కడుపు మండిపోతూనే ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, ముందూ వెనకా అయితే సర్దుకుని చదవండి. పేరు రాయను. హైదరాబాద్‌లో పక్షులు పెంచేవాళ్ళకి ఎవరి గురించో అర్థమైపోతుంది.

డిసెంబర్‌లో సన్ కొన్యూర్ (పసుపూ నారింజా రంగుల్లో ఉండే చిన్న విదేశీ చిలుక) కొన్నాం, 16,000. "ఎనిమిది నెలల పిల్ల అక్కా, హ్యాండ్ టేమ్, ముద్దు పెట్టుకున్నా ఏమీ అనదు" అన్నాడు. నిజంగానే మొదటి రెండు నెలలు అలాగే ఉంది. మా వాడు జున్ను అని పేరు పెట్టాడు. వాడు హోంవర్క్ రాస్తుంటే భుజం మీద కూర్చుని పెన్సిల్ చివర కొరుకుతూ ఉండేది. పంజరంతో పాటు 650 రూపాయలకి ఒక చెక్క పెట్టె కూడా ఇచ్చాడు. చలికాలం కదా, రాత్రిళ్ళు ఇందులో పడుకుంటుంది అన్నాడు. నమ్మి పెట్టాం.

ఫిబ్రవరి చివర్లో మొదలైంది. పెట్టె వైపు చెయ్యి వెళ్తే చాలు, మెడ మీద ఈకలు నిక్కబొడుచుకునేవి. కనుపాపలు ఒక క్షణం చుక్కంత అయి, మరుక్షణం పెద్దవయ్యేవి. నీళ్ళ గిన్నె మార్చబోతే మా ఆయన వేలు చీరేసింది. కాసేపటికే మా వాడి దగ్గరికి వచ్చి, తల ఊపుతూ తిన్నది కక్కి వాడి నోటికి పెట్టబోయేది. అదంతా ప్రేమ అనుకుని వీపు మీద నుంచి తోక దాకా నిమిరేవాళ్ళం. ఎంత తప్పు చేశామో మొన్నటిదాకా తెలియదు.

పోయిన వారం పెట్టె పక్కన పడిన పెన్సిల్ తీసుకుందామని మా వాడు వంగాడు. ఒక్క ఎగురు ఎగిరి చెవి తమ్మె పట్టుకుంది. వదల్లేదు. నేను పరుగెత్తుకొచ్చి లాగేసరికి వాడి చొక్కా కాలరంతా రక్తం. రెండు కుట్లు పడ్డాయి, టీటీ వేశారు. ఆ రాత్రి నేను పంజరాన్ని చేత్తో గట్టిగా కొట్టి అరిచాను. అది మూలకి నక్కి వణికింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నోరులేని జీవి మీద నా కోపం చూపించాను.

షాపుకి ఫోన్ చేస్తే "తీసుకురండి, ముక్కు కొంచెం ట్రిమ్ చేద్దాం, తగ్గిపోతుంది" అన్నాడు. నాకెందుకో మనసు ఒప్పలేదు. శనివారం పక్షులు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. దెబ్బ గురించి అడగలేదాయన. పంజరంలో పెట్టె ఉందా, రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారు అని అడిగారు. మా ఇంట్లో టీవీ పదకొండున్నర దాకా నడుస్తుంది. జున్ను పంజరం హాల్లోనే.

అప్పుడు చెప్పారు. పగలు ఎక్కువైనట్టు కనిపిస్తే పక్షి ఒళ్ళు గూడు కట్టే కాలం వచ్చిందనుకుంటుంది. చీకటిగా, ఇరుకుగా ఉన్న చోటు దొరికితే అదే గూడు. పైగా మేం రోజూ వెచ్చగా ఉడికించిన మొక్కజొన్న, ఇష్టమొచ్చినన్ని పొద్దుతిరుగుడు గింజలు పెడుతున్నాం. వీపు, రెక్కల కింద తాకేది జతపక్షి మాత్రమే. అంటే మా వాడిని అది జత అనుకుంది, పెట్టెని గూడు అనుకుంది. ఆ గూడు జోలికి వచ్చిన ప్రతివాళ్ళూ దానికి శత్రువులే. సన్ కొన్యూర్లలో ఆడా మగా చూపుకి తెలియవు, అందుకే ఈక ఇచ్చి డీఎన్ఏ పరీక్షకి పంపాం. ఆడదైతే గుడ్డు లోపల ఇరుక్కుని ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా ఉందట.

చివర్లో కాలి రింగు తిప్పి చూపించారు. దాని మీద 21 అని ఉంది. అంటే 2021లో పుట్టింది. ఎనిమిది నెలల పిల్లకైతే ఒంటి మీద ఆకుపచ్చ బాగా ఉండాలి, నిండా పసుపూ నారింజా రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది అన్నారు. మా జున్ను మొదటి రోజు నుంచే పసుపు ముద్ద. ఆ రంగు చూసే కదా మురిసిపోయి కొన్నాను!

నిన్న రింగు ఫోటోతో షాపుకి వెళ్ళాను. ఆయన దాణా తూకం వేస్తున్నాడు. ఫోటో చూసి ముఖంలో ఏ మార్పూ లేదు.

"అవునక్కా, పెద్దదే. జత చచ్చిపోయింది. ఒక్కదాన్ని పెట్టుకుని ఏం చేయాలి?"

"మరి ఎనిమిది నెలలు అన్నావు కదా?"

"రింగు కాలికే ఉంది కదక్కా, నేనేమన్నా దాచానా? మీరు చూసుకోవాల్సింది."

మా పిల్లాడికి కుట్లు పడ్డాయి అన్నాను. "పిల్లల్ని దూరంగా ఉంచాలక్కా" అని ఇంకో పొట్లం కట్టాడు. తల కూడా ఎత్తలేదు. అప్పుడు పెట్టె గురించి అడిగాను. చాలా మామూలుగా చెప్పాడు: "అది దాని బ్రీడింగ్ బాక్సే. అలవాటైన బాక్స్ ఉంటే కొత్త చోట గోల చేయదని ఇచ్చా."

నాకు నోట మాట రాలేదు. జత పోయిన పక్షిని, దాని గూడుతో సహా, పిల్లలున్న ఇంటికి పంపాడు. దానికి 650 కూడా తీసుకున్నాడు. వెనక్కి తెస్తే నాలుగు వేలు ఇస్తా, ఇంకో జత కడతా అన్నాడు. ఇవ్వను. ఆ మనిషి చేతికి జున్నుని మళ్ళీ ఇవ్వను.

కొనబోయేవాళ్ళకి నాలుగు మాటలు. రింగు మీద సంవత్సరం మీరే తిప్పి చూసుకోండి, రింగు లేకపోతే ఒంటి మీద పచ్చదనం చూడండి. పంజరంలో పెట్టె, గుడ్డ గూడు, అద్దం పెట్టకండి, సోఫా కిందకి దూరనివ్వకండి. రోజూ రాత్రి పన్నెండు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం ఉండాలి. తల, మెడ తప్ప ఎక్కడా నిమరకండి. కరిస్తే కొట్టకండి, మాట్లాడకుండా కిందకి దించి పక్కకి వచ్చేయండి. కాగితాలు కూడా అడగండి. ఈ కొన్యూర్లని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో రూల్ వచ్చింది, నాకు ఆ షాపాయన ఆ మాటే చెప్పలేదు. ఈ గొడవంతా ఎందుకు, రామచిలుకని పెంచుకో అని మా పక్కింటావిడ అంటోంది. అది 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

శనివారం నుంచి పంజరం లోపలి గదికి మార్చాం, ఏడింటికల్లా లైటు ఆపేస్తున్నాం. మా వాడు తలుపు సందులోంచి "గుడ్ నైట్ జున్ను" అని గుసగుసగా చెప్పి వస్తున్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నాను. బిల్లు లేదు, ఫోన్‌పే రసీదూ, అతని వాట్సాప్ మెసేజ్‌లూ ఉన్నాయి. పెట్టె పారేయలేదు. నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే అడుగున పాత గుడ్డు పెంకు ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాన్నీ ఫోటో తీసి పెట్టాను.