సన్‌మైకా కింద ఏముందో చూడకుండా డబ్బులిచ్చాను, మీరివ్వకండి

క్యాంపర్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని వెళ్లే, లోపల పడుకునే వీలున్న డబ్బా) లోపలి పని చేయించుకోవాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మాకు ఆ పని చేసిన షెడ్డు నుంచి నిన్న సాయంత్రం తిరిగొచ్చాను. రాత్రంతా నిద్ర లేదు. పేరు రాయను, కానీ వాళ్ల వీడియోలు చూసి ముచ్చటపడినవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. నేనూ అలాగే వెళ్లాను.

ట్రైలర్ డబ్బా వేరేచోట కట్టించాం, దానికి ఏ వంకా లేదు. లోపల మంచం, సింకు, చిన్న బాత్రూం, కరెంటు పని మొత్తం ఈ షెడ్డుకిచ్చాం. మాట్లాడుకున్నది 3,60,000. ఇప్పటికి ఇచ్చింది 3,20,000. ఇదంతా నాన్న కోసం. ఆయనకి 74 ఏళ్లు. మోకాళ్లు వంగవు, గంటకోసారి బాత్రూంకి వెళ్లాలి. బస్సెక్కడం మానేసి నాలుగేళ్లయింది. 2015 పుష్కరాలకి అమ్మతో కలిసి ధర్మపురిలో గోదావరి స్నానం చేసి వచ్చారు. 2027లో మళ్లీ పుష్కరాలు. అమ్మ ఇప్పుడు లేదు. ఆ రేవుకే మళ్లీ వెళ్లాలని ఆయన కోరిక. బాత్రూం తలుపు ఎంత వెడల్పుండాలో, పట్టుకునే రాడ్డు ఎంత ఎత్తులో ఉండాలో ఆయనే నిలబడి కొలతలు తీయించారు.

పోయిన ఆదివారం మొదటిసారి వికారాబాద్ బయల్దేరాం. మొయినాబాద్ దాటి, మర్రిచెట్ల రోడ్డు మీద స్పీడు 60కి వచ్చేసరికి వెనక ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు కనిపిస్తోంది. గట్టిగా బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరుగుతుందన్న భయంతో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు కదలకుండా పట్టుకున్నాను. బండి ఆగాక కూడా నాన్న డాష్‌బోర్డు మీద ఆనించిన చెయ్యి తియ్యలేదు. అక్కణ్ణుంచే వెనక్కి తిప్పి, మెల్లగా ఇంటికొచ్చాం.

ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముందు హుక్కు మీద పడాలి. వెనక బరువెక్కితే ఊగుతుంది. మేమిచ్చిన డ్రాయింగులో 100 లీటర్ల నీళ్ల ట్యాంకు సరిగ్గా యాక్సిల్ (చక్రాల ఇరుసు) పైన ఉంది. నిండితే 100 కిలోలు కదా. వీళ్లు దాన్ని బ్యాటరీతో సహా వెనక మూలకి నెట్టేశారు. ఎందుకంటే సింకు అక్కడే ఉంది, నాలుగడుగుల పైపు మిగులుతుంది!

ఆ ట్యాంకు చూద్దామనే సింకు కింది పలక విప్పబోయాను. స్క్రూకి పట్టే లేదు, వేళ్లతో లాగితే ఊడొచ్చింది. లోపల ప్లై అంచు నానిన అట్టముక్కలా ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుంది. గోటితో గీస్తే పొడి రాలుతోంది. పంపు దగ్గర కాస్త నీళ్లు కారినందుకే, అదీ వారం తిరక్కుండానే! మాకు చెప్పింది ఐఎస్ 710 మెరైన్ ప్లై, అంటే నీళ్లని తట్టుకునే రకం. ఆ ప్లైని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్ష చేస్తారు, అయినా పొరలు విడిపోకూడదు. ముక్క తిప్పి చూస్తే వెనక ఐఎస్ 303, ఎంఆర్ అని ముద్ర. ఇంట్లో నీళ్లు తగలని చోట అల్మరాలకి వాడే రకం అది. బేరం రోజున షెడ్డులో చూపించిన శాంపిల్ మీద 710 అన్న ముద్రని నా వేలితో తడిమి మరీ చూశాను.

కరెంటు పని ఇంకా ఘోరం. 12 వోల్టుల బ్యాటరీ మీద 1000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడులో 80 ఆంపియర్ల పైనే లాగుతుంది. దానికి వీళ్లు వేసింది 6 ఎంఎం వైరు, అంత కరెంటుకి అది సన్నం. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. జాయింట్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. ఒకచోట టేపు కరిగి ప్లైకి అతుక్కుపోయింది. దాని పైనే నాన్న పడుకునే మంచం.

ఆ ప్లై ముక్క సంచిలో పెట్టుకుని నిన్న షెడ్డుకి వెళ్లాను. వద్దన్నా నాన్న వెంట వచ్చారు. ఓనరు మమ్మల్ని చూసి కూడా అరగంట ఫోనులోనే ఉన్నాడు. కుర్చీ వెయ్యమని ఎవరూ అనలేదు, నాన్న గోడ పట్టుకుని నిలబడ్డారు. ఆఖరికి వచ్చి, ముక్క తిప్పి చూసి, ఏ తడబాటూ లేకుండా అన్నాడు: "సన్‌మైకా వేశాక లోపలేముందో ఎవరు చూస్తారు సార్? మీరు విప్పేశారు కాబట్టి ఇక మా బాధ్యత లేదు." ట్రైలర్ ఊగిన సంగతి చెప్తే, నాన్న వైపు చూపించి, "ఈ వయసులో పెద్దాయనకి తిరుగుళ్లెందుకు సార్, ఇంట్లో కూర్చోబెట్టుకోక" అన్నాడు.

పనివాళ్లందరూ వింటున్నారు. నాన్న ఒక్క మాట అనలేదు. టేబుల్ మీది ప్లై ముక్కని తనే తీసి సంచిలో పెట్టుకుని కారు దగ్గరికి నడిచారు. దారిలో, "నా మూలంగానే కదరా నీకింత నష్టం" అన్నారు. డబ్బు పోయిన బాధ ఎప్పటికో తగ్గుతుందేమో, ఈ మాట మాత్రం నన్ను వదలడం లేదు.

తప్పు నాది కూడా ఉంది. ప్లై కోసిన రోజు, వైర్లు లాగిన రోజు నేను వెళ్లలేదు. వాట్సాప్‌లో ఫొటోలు పంపితే బాగుందన్నాను. ఫొటోలన్నీ సన్‌మైకా అంటించాక తీసినవే. డబ్బులు వాళ్ల బావమరిది నంబరుకి ఫోన్‌పే చెయ్యమంటే చేశాను, బిల్లు అడగలేదు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇస్తున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తాను. చేతిలో ఉన్నది ఆ పేమెంట్ మెసేజ్‌లు, డ్రాయింగు, ఈ ముక్క.

మీరు చేయించుకుంటుంటే, సన్‌మైకా అంటించకముందే వెళ్లి ప్రతి పలక మీదా ముద్ర చూడండి. వైరు సైజు, ఫ్యూజు ఎక్కడో కాగితం మీద రాయించుకోండి. ట్యాంకు నింపి, వేబ్రిడ్జి మీద తూకం వేయించాకే ఆఖరి డబ్బు ఇవ్వండి.

లోపలంతా పీకి మళ్లీ చేయించాలి. అల్యూమినియం ఫ్రేముతో, కళ్లెదుటే పని చేసే మంచి మిస్త్రీ ఎవరైనా తెలిస్తే చెప్పండి. నాన్న ఇక వద్దంటున్నారు. పుష్కరాలకి ఇంకా టైముంది, నేను ఒప్పిస్తాను.